కార్తీకంలో వచ్చే డబ్బు, జ్యేష్ఠంలో ఉండే పని

ఒక జలపాతం దగ్గర బాటనీ కట్టడాల్నీ బాగుచెయ్యడానికి మొదటి ఏడాది మేం చేసిన పనిలో సగం రెండో వానాకాలం దాటలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి కేస్ స్టడీల్లో ఫొటోలన్నీ రిబ్బను కత్తిరించిన రోజువే ఉంటాయి, రెండేళ్ళ తర్వాత అదే చోట నిలబడి ఎవరూ ఫొటో తియ్యరు. నేను తీశాను. చూసుకుంటే సిగ్గేసింది, తర్వాత అదే పనికొచ్చింది.

చోటు రంపచోడవరం పైన కొండల్లో ఒక జలపాతం. తారురోడ్డు మీద బండి ఆపి అడవిలోకి ఏడువందల మీటర్లు నడవాలి, చివర్లో నిటారుగా దిగాలి. పేరు రాయను, రాస్తే వచ్చే ఆదివారానికి ఇంకో యాభై కార్లొస్తాయని మా టీమువాళ్ళే వద్దన్నారు. నేల రిజర్వు ఫారెస్టు, ఊరు కొండరెడ్లనే గిరిజనులది, మధ్యలో వన సంరక్షణ సమితి. ఉమ్మడి రాష్ట్రంలో 1992లో ఈ సమితులు మొదలైనప్పుడు టూరిజం ఊసే లేదు, అడవిని కాపాడితే ఫలసాయంలో వాటా అన్నదే ఒప్పందం. తర్వాతెప్పుడో మారేడుమిల్లి దగ్గర జంగిల్ స్టార్, విశాఖపట్నంలో కంబాలకొండ లాంటి టూరిస్టు చోట్లు సమితుల చేతుల మీదుగా నడవడం చూసి మిగతా ఊళ్ళకీ ఆశ పుట్టింది. మా సమితికీ అలాగే ఒక గేటు, రెండు మరుగుదొడ్లు, దిగేచోట ఇనప రెయిలింగు, కూర్చోడానికి సిమెంటు గొడుగులు వచ్చాయి. అవి వచ్చిన మూడేళ్ళకి నేను వెళ్ళాను. అప్పటికి రెయిలింగు సగం వాగులో ఉంది, గొడుగుల కింద పగిలిన బీరు సీసాలు, మరుగుదొడ్లకి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో మూడురోజులు వెతికాం.

నేను సివిల్ డిప్లొమా చదివి ఆరేళ్ళు ఉపాధి హామీలో టెక్నికల్ అసిస్టెంటుగా చేసినవాణ్ణి. కొలతల టేపు, ఎం.బుక్కు (చేసిన పని కొలతలు రాసి బిల్లు చేసే పుస్తకం), నేనూ. ఒక చిన్న సంస్థ తరఫున ఈ ఊరి యువకులకి 'నిర్వహణ' నేర్పించమని రెండేళ్ళకి పంపారు. టీములో పదకొండుమంది, ఏడుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు, అందరూ ఇరవై ఆరేళ్ళలోపే. ఇంటర్ తప్పినవాళ్ళున్నారు, డిగ్రీ పూర్తి చేసి ఇంటి దగ్గర ఖాళీగా ఉన్న అమ్మాయుంది, హైదరాబాదులో సెక్యూరిటీ గార్డుగా చేసి ఆ గది అద్దె కట్టలేక తిరిగొచ్చిన కుర్రాడున్నాడు.

నేను చేసిన పెద్ద తప్పు

కాలిబాటతో మొదలుపెట్టాం, ఎందుకంటే అది కళ్ళముందే కొట్టుకుపోతోంది. నాకు తెలిసిన విద్య వాటర్‌షెడ్ విద్య. పరుగెత్తే నీటిని నడిపించాలి, నడిచే నీటిని ఆపాలి, ఆగిన నీటిని ఇంకించాలి, ఇది మాకు బాలశిక్ష లాంటిది. కొండమీద కందకాలు, రాతికట్టలు నా చేత వందల్లో వేయించారు, అవి బాగా నిలబడ్డాయి కూడా. ఆ ధైర్యంతో బాటకి అడ్డంగా, సరిగ్గా తొంభై డిగ్రీల్లో, పాతిక మీటర్లకొకటి చొప్పున రాళ్ళ వరసలు పెట్టించాను. చూడ్డానికి ముచ్చటగా మెట్లలా ఉన్నాయి. ఇన్‌స్పెక్షనుకి వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు.

వానలు పడ్డాయి. ప్రతి వరస వెనకా నీళ్ళు నిలబడ్డాయి, నేను నేర్చుకున్న విద్య అక్షరాలా పనిచేసింది, కాకపోతే అది పొలంలో కావాల్సిన విద్య. బాటలో నీళ్ళు నిలబడితే బురద. బురద కనబడితే మనిషి పక్కనుంచి తిరుగుతాడు, తెల్లబూట్లు వేసుకున్నవాడు ఇంకా దూరంనుంచి తిరుగుతాడు, అలా ఒక్క సీజన్లో మీటరు వెడల్పున్న బాట కొన్నిచోట్ల మూడు మీటర్లయింది. పక్కనున్న గడ్డి చచ్చింది, వేర్లు బయటపడ్డాయి, తర్వాతి వానకి నీళ్ళు ఆ కొత్త దారి పట్టుకుని గండి కొట్టేశాయి. పొలంలో నీటిని ఆపాలి, బాటమీద నుంచి మాత్రం నీటిని ఎంత తొందరగా గెంటేస్తే అంత మంచిది. ఇంత చిన్న విషయం ఆరేళ్ళ అనుభవం ఉన్నవాడికి తట్టలేదు.

తట్టింది మా టీములో పశువులు కాసే కుర్రాడికి. "పశువులు నిటారుగా ఎక్కవు సార్, ఏటవాలుగా తిరిగి ఎక్కుతాయి, వాటి దారి చూడండి, మా తాతప్పటినుంచీ అట్లనే ఉంది" అన్నాడు. వెళ్ళి చూశాం. నిజంగానే ఉంది. కొండ ఒంపుని పట్టుకుని, కాస్త ఎక్కి కాస్త దిగి, ఎక్కడా నీళ్ళు వరసగా పదిమీటర్లు దాని వెంట పారే వీలు లేకుండా ఉంది. వాలు కొలిచే 'A' ఆకారపు కర్ర చట్రం తీసుకుని కొలిస్తే, బయటి దేశాల్లో కాలిబాటలు వేసేవాళ్ళు చెప్పే లెక్కే వచ్చింది: కొండ వాలు ఎంతుందో అందులో సగానికి మించి బాట వాలు ఉండకూడదు, మించితే నీరు బాటనే కాలువ చేసుకుంటుంది. నాకు పుస్తకంలో దొరికినది వాడికి ఆవుల వెనక దొరికింది. ఆ రోజునుంచి వాడు నన్ను సార్ అనడం మానేసి అన్నా అన్నాడు, ఎందుకో నేను అడగలేదు.

రెండో ఏడాది బాటలో బాగా నిటారుగా ఉన్న రెండు ముక్కల్ని వదిలేసి, వాటికి ముళ్ళకంప అడ్డంవేసి, ఒంపు తిరిగేలా కొత్త దారి తీశాం. మీటరు వెడల్పుకి బయటి అంచు అయిదు సెంటీమీటర్లు కిందకి ఉండేలా చదును చేశాం, పడిన నీరు బాటని అడ్డంగా దాటి లోయవైపు జారిపోవాలి. రాళ్ళ వరసల్ని తిప్పి ఏటవాలుగా పెట్టాం, ఒక్కో రాయి మూడింట రెండొంతులు మట్టిలోనే, కింది చివర నీళ్ళు బయటికి పోవడానికి గాడి. అలాంటివి పద్నాలుగు. వీటికి ఒకటే రోగం, ఆకులూ మట్టీ చేరి గాడి పూడుకుపోతుంది. పెద్ద వాన పడిన ప్రతిసారీ ఎవరో ఒకరు పార తీసుకెళ్ళి ఒక్కోదానికి పదినిమిషాలు పెడితే చాలు. పెట్టకపోతే మళ్ళీ మొదటికే.

ఇక్కడే అసలు చిక్కు. కొత్త కట్ట కడితే ఎం.బుక్కులో పొడవు, వెడల్పు, లోతు రాస్తాను, ఘనపు మీటర్లొస్తాయి, బిల్లవుతుంది. గాడిలో ఆకులు తీస్తే ఏం రాయాలి? కొలతలేని పనికి కూలి లేదు, కూలి లేని పనికి మనిషి లేడు, అందుకే మన దగ్గర ప్రతీదీ పాడయ్యేదాకా ఆగి మళ్ళీ కొత్తగా కడతారు. దీన్ని నేను ఎవరిమీదో కోపంతో అనట్లేదు, ఆ బుక్కు ఆరేళ్ళు రాసింది నేనే.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో 1933లో రూజ్‌వెల్ట్ మొదలుపెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌లో తొమ్మిదేళ్ళలో సుమారు 30 లక్షలమంది యువకులు పనిచేశారు, నెలకి ముప్ఫై డాలర్లు జీతం, అందులో ఇరవై అయిదు ఇంటికి పంపాలి. ఇవాళ అక్కడ మన తెలుగువాళ్ళు వీకెండుకి హైకింగని ఎక్కే రాతిమెట్లు చాలాచోట్ల ఆ కుర్రాళ్ళు పేర్చినవే. 1970 నుంచి పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని వేసవిలో ఇదే పనికి జీతమిచ్చి పెట్టుకుంటున్నారు. అంత చేసీ, చేయకుండా మిగిలిపోయిన మరమ్మతులు కొండలా పేరుకుపోతే 2020లో ప్రత్యేకంగా చట్టం చేసి అయిదేళ్ళపాటు ఏడాదికి 190 కోట్ల డాలర్ల వరకూ కేటాయించాల్సి వచ్చింది. డబ్బున్న దేశంలోనే అంత పేరుకుపోతే మన గేటు దగ్గర ఇరవై రూపాయల టికెట్టు ఏ మూలకి.

దొడ్డి ఎవరు కడగాలి

దీనిమీద రాయొద్దని ఒకరిద్దరు అన్నారు, రాయకపోతే కేస్ స్టడీ అబద్ధమవుతుంది. పక్కనే జలపాతం, మరుగుదొడ్డిలో చుక్క నీళ్ళు లేవు. పైన ట్యాంకుంది, ట్యాంకులోకి నీళ్ళొచ్చే దారి లేదు. కుర్రాళ్ళు పైవాగునుంచి నల్లపైపు వేశారు, మోటారు అక్కర్లేదు, వాలుకే దిగుతాయి. పైపు మూతికి జల్లెడ కట్టి చుట్టూ గులకరాళ్ళు పోశారు, ఆకులు అడ్డంపడకుండా. మూడు రోజుల పని, మా పనులన్నింటిలో ఇదొక్కటే మొదటిసారే సరిగ్గా కుదిరింది.

నీళ్ళొచ్చాక ప్రశ్న వచ్చింది. ఒక కుర్రాడు మొహమ్మీదే చెప్పాడు: "టూరిస్టుల దొడ్డి కడగడానికి నేను ఇంటర్ చదవలేదన్నా." మీటింగుకి వచ్చిన ఒకాయన, 'ఆ పని చేసేవాళ్ళని' కిందినుంచి పిలిపిద్దాం అన్నాడు. ఆ మాటలో ఏ కులం ఉందో కూర్చున్న అందరికీ తెలిసింది, కాసేపు ఎవరూ మాట్లాడలేదు. డిగ్రీ అమ్మాయే అంది, మనం కడగలేని దొడ్డి మన ఊళ్ళో ఉండక్కర్లేదు, తాళం వేసేద్దాం, లేదా అందరం కడుగుదాం. చీటీలు వేశాం. మొదటి చీటీ నాకే వచ్చింది, ఇప్పటికీ అది మోసమనే నా అనుమానం.

నేను ఒకటి గమనించాను. గౌరవం గురించి ఎంత ఉపన్యాసం ఇచ్చినా కదలనిది, మోచేతిదాకా వచ్చే గ్లవ్సు, గమ్‌బూట్లు, పొడుగు కర్ర బ్రష్షు, ఆ రోజు కడిగినవాళ్ళకి నూటయాభై అదనం, మూడింటికే ఇంటికి, ఈ అయిదూ పెట్టేసరికి కదిలింది. రెండు నెలలకి ఆదివారం చీటీ కోసం తగువులాడుకునే దాకా వచ్చింది. అదనం డబ్బు ఎక్కడిదంటే, మరుగుదొడ్డి వాడినందుకు అయిదు రూపాయలు పెట్టాం, అది నేరుగా ఆ రోజు కడిగినవాళ్ళ లెక్కలోకే పోతుంది.

చెత్త గురించి అందరికీ తెలిసిందే కాబట్టి తక్కువ రాస్తాను. ప్లాస్టిక్కు కన్నా మాకు గాజు పెద్ద బాధ, ఊరి పిల్లలు చెప్పుల్లేకుండా దిగే వాగు అది. నీలగిరుల్లో మద్యం సీసాకి పది రూపాయలు ఎక్కువ తీసుకుని సీసా తిరిగిస్తే వాపసిచ్చే పద్ధతి 2022లో పెట్టారని చదివి, మేం గేటు దగ్గర ప్రతి సీసాకీ, ప్రతి ప్యాకెట్టుకీ స్టిక్కరేసి యాభై రూపాయలు డిపాజిట్ అన్నాం. మొదటి ఆదివారమే చేతులెత్తేశాం. రోడ్డుమీద కార్లు ఆగిపోయాయి, ఒకాయన చిప్సు ప్యాకెట్ల లెక్క దగ్గర మా అమ్మాయితో నోటికొచ్చినట్టు మాట్లాడాడు, సాయంత్రానికి స్టిక్కర్లు ఊడిపోయిన సీసాలు ఎవరివో తేలక వచ్చిన డిపాజిట్ కన్నా ఎక్కువ తిరిగిచ్చాం. ఇప్పుడు ఒకటే నియమం, గాజు సీసా లోపలికి రాదు, గేటు దగ్గర పెట్టెలో వదిలి వెళ్ళేటప్పుడు తీసుకోవాలి. వనభోజనాలవాళ్ళకి థర్మోకోల్ పళ్ళేలు బయటే ఉంచేసుకుని అడ్డాకు విస్తర్లు అమ్ముతున్నాం, ఊళ్ళో ఆడవాళ్ళు కుడతారు. ప్లాస్టిక్కు ఇంకా వస్తూనే ఉంది, ఏరుతూనే ఉన్నాం.

ఎర్రగీత

2023 జులైలో ములుగు జిల్లాలో ముత్యాలధార జలపాతం చూడ్డానికి వెళ్ళి తిరిగొస్తూ సుమారు ఎనభైమంది వాగు పొంగి అడవిలో ఇరుక్కుపోయారు, రాత్రి రెస్క్యూ టీములు వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణిలో ముగ్గురు వైద్య విద్యార్థులు కొట్టుకుపోయి చనిపోయారు. ఆ రెండోది మాకు పక్కూరి వార్త. ఆ వారం మా టీములో ఎవరికీ పనిమీద మనసు లేదు.

మా దగ్గర అప్పటికి 'జాగ్రత్త, లోతుగా ఉంది' అని రెండు బోర్డులున్నాయి. బోర్డు చదివి ఆగినవాణ్ణి నేను చూడలేదు. ఊరి పెద్దాయన ఒకరు చెప్పిన గుర్తులు రాసుకున్నాం: ఇక్కడ ఎండ కాస్తున్నా పైకొండమీద వాన పడుతుంది, ముందు నీటి రంగు మారుతుంది, ఎండాకులు, పుల్లలు గుంపుగా కొట్టుకొస్తాయి, తర్వాతే నీరు లేస్తుంది. మధ్యలో నీకు దొరికేది కాసేపే. ఆ మాట పట్టుకుని గుండం పక్క బండమీద ఎర్రరంగు గీత వేశాం. వానాకాలంలో ఒకరు ఎప్పుడూ దానివైపే చూస్తూ కూర్చోవాలి, ఫోను చూడకూడదు. నీరు రంగు మారితే ఈల, అందరూ బయటికి, వాదన లేదు. గీత తాకితే ఆ రోజుకి గేటు మూత, టికెట్టు డబ్బు వాపసు. ఈ వాపసు అన్నది సమితి పెద్దలు ఒప్పుకోవడానికి రెండు మీటింగులు పట్టింది. డబ్బు వాపసివ్వకపోతే జనం కదలరని, గేటు దగ్గర తిట్లు తినేది తామేనని కుర్రాళ్ళు పట్టుబట్టారు. ఈల ఊదేవాళ్ళకి జనాన్ని కదిలించే గొంతు కావాలని మొదట పొడుగు కుర్రాడికిచ్చాం, తీరాచూస్తే అందరికన్నా చిన్న అమ్మాయి మాటే వింటున్నారు, ఆమె "అన్నయ్యగారూ, మీ పిల్లాణ్ణి ముందు ఎత్తుకోండి" అంటుంది, పేరుపెట్టి పిలిచినట్టే.

రెయిలింగు సంగతి ఒక్క మాట. ఇనపది ఎందుకు పడిపోయిందంటే పునాది వాగు అంచులో పోశారు, కింద మట్టి కోసుకుపోయింది. మేం వెదుళ్ళతో వేశాం, ముదిరినవి చూసి కొట్టి, పురుగు పట్టకుండా కొన్ని వారాలు వాగులో నానేసి. రెండు వానాకాలాలు ఆగుతుంది, తర్వాత మార్చాలి. శాశ్వతంగా ఉండేది పెట్టొచ్చుగా అని ఇంజనీర్లు అడుగుతారు. శాశ్వతమైనది పడిపోతే బాగుచెయ్యడానికి వెల్డరు రాజమండ్రి నుంచి రావాలి, వెదురు మార్చడానికి ఇద్దరు కుర్రాళ్ళు చాలు.

డబ్బు

జనం కార్తీకమాసం వనభోజనాలతో మొదలై సంక్రాంతిదాకా వస్తారు. మా గేటు పుస్తకంలో ఏడాది ఆదాయంలో సగానికి పైగా ఆ మూడు నెలలదే. పని ఎప్పుడుంటుందంటే వేసవి చివర, జ్యేష్ఠమాసంలో, వానలకి ముందు గాడులన్నీ తీసి, వెదుళ్ళు మార్చి, విరిగిన మెట్లు సర్దాలి. తర్వాత శ్రావణ భాద్రపదాల్లో వాన పడినప్పుడల్లా. ఆ నెలల్లో గేటు దగ్గర రోజుకి పది బండ్లు రావు. అంటే డబ్బున్నప్పుడు పని లేదు, పనున్నప్పుడు డబ్బు లేదు. మొదటి ఏడాది మా పని నిలవకపోవడానికి నా తొంభై డిగ్రీల తెలివి ఒక కారణమైతే ఇది రెండోది. జూన్‌లో కూలి ఇవ్వడానికి ఖాతాలో ఏమీ లేదు, సంతకాలు పెట్టాల్సిన ఒకరు బదిలీమీద వెళ్ళారు, కొత్తవారి సంతకం బ్యాంకులో మారడానికి రెండు నెలలు. ఆ రెండు నెలల్లో టీములో ముగ్గురు వెళ్ళిపోయారు, నేను ఆపలేదు, ఏ మొహంతో ఆపుతాను.

అప్పటిదాకా వచ్చిన కార్తీకం డబ్బు ఏమైందంటే, గేటు పక్కన 'ఐ లవ్' అని ఊరి పేరుతో రంగురంగుల అక్షరాల బోర్డు పెట్టారు. ఎవరో పెద్దమనిషి వచ్చి సెల్ఫీకి బాగుంటుందన్నారు. మొదటి గాలివానకే ఒక అక్షరం ఊడి పడింది. దాన్ని తిరిగి నిలబెట్టడానికి డబ్బులడిగితే అమ్మాయిలు ఒప్పుకోలేదు.

రెండో ఏడాది గ్రామసభలో తీర్మానం చేయించాం. కార్తీకం మొదటిరోజునుంచి సంక్రాంతిదాకా వచ్చే ప్రతి వంద రూపాయల్లో ముప్ఫై అయిదు వేరే ఖాతాలోకి పోతాయి, జ్యేష్ఠం వచ్చేదాకా దాన్ని ముట్టుకోకూడదు, కొత్త కట్టడానికి అస్సలు వాడకూడదు. ఖర్చు రాయడానికి కొలతల బుక్కు బదులు ఒక మామూలు నోటుపుస్తకం పెట్టాం: తారీఖు, ఎంత వాన, ఏ గాడి, ఎవరు, ఎన్ని గంటలు. కొలత లేకపోయినా గంటలకి కూలి. 2025-26లో ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలు, మేం 350 పెట్టుకున్నాం, తక్కువైతే జీడితోటల పనికి పోతారు. ఆడిట్‌కి ఈ నోటుపుస్తకం చెల్లదని ఒకరన్నారు. ప్రతి పేజీకీ ఫొటో, వారానికోసారి సమితిలో చదివి సంతకాలు పెట్టించాక ఆ మాట మళ్ళీ రాలేదు.

ఆ పుస్తకం రాసేది డిగ్రీ అమ్మాయి. దాన్నిబట్టే తెలిసింది, పద్నాలుగింటిలో ఏడు, తొమ్మిది నెంబర్ల గాడులు మిగతావాటికన్నా రెట్టింపు పూడుకుంటున్నాయని. పైకి వెళ్ళి చూస్తే అక్కడ లాంటానా అనే కలుపుపొద నరికి వేర్లు పీకేసిన చోట మట్టి వదులైపోయి ఉంది, నరికించింది మేమే. గడ్డి నాటాం. ఈ వానాకాలంలో తేడా తెలుస్తుంది.

వెళ్ళిపోయిన ముగ్గురిలో ఒకడు తిరిగొచ్చాడు, ఇద్దరు రాలేదు. నా రెండేళ్ళూ అయిపోయాయి, ఇప్పుడు నెలకోసారి నా ఖర్చులతో వెళ్ళొస్తున్నాను. వాళ్ళంతట వాళ్ళే చేసుకుంటున్నారు, మరుగుదొడ్డి చీటీలతో సహా. ఒక్క పార్కింగు తగువు తేలలేదు: బండ్లు ఆగేది రోడ్డు పక్క, ఆ స్థలం అడవిదా పంచాయతీదా అని రెండు వైపులా కాగితాలు చూపిస్తున్నారు, ఈ లోపు ఎవరో బయటివాళ్ళు రసీదు లేకుండా బండికి యాభై వసూలు చేసుకుపోతున్నారు. అది మా గేటు ఆదాయం కన్నా ఎక్కువ. సర్వే చేయించమని రెండుసార్లు అర్జీ ఇచ్చాం, ఇంకా తారీఖు ఇవ్వలేదు.